ఉద్యోగి చేతిలోని కానుక

లంచమును మెచ్చువాడు మన దేశమున నొక్కడును లేడు. పుచ్చుకొనువాడు సహితము దానిని ఆ పేరుతో పిలువడు. మామూలనును, దస్తూరీ యనును, కాఫీ ఖర్చులనును, పిల్లలకు మిఠాయి యనును, పండుగ సంతోషమనును. పేరు మార్చినంతమాత్రమున వస్తువు మారదని తెలిసియు మార్చుటయే, అది సిగ్గుపడదగిన పనియని అతడును ఎరుగునని చెప్పుచున్నది. కావున లంచము తప్పా యొప్పా యను ప్రశ్నకు మేమిచ్చట కాగితము వ్యర్థపఱుపము. మేము విచారింపగోరునది అంతకంటె సున్నితమైన విషయము. ఎవరును అడుగకయే, ఏ పనికిని బేరమాడకయే, సంతోషముతో తెచ్చి యిచ్చిన వస్తువును పురపాలక సంఘపు గుమాస్తాగాని, పంచాయతి కార్యదర్శిగాని, ఇంటిపన్ను వసూలుచేయు బిల్లు కలెక్టరుగాని పుచ్చుకొనవచ్చునా? పుచ్చుకొనరాదని నియమము చేసినయెడల, ఆ నియమము మనుష్యుల నడుమ నుండవలసిన స్నేహమును తుంచివేయదా?

ఈ ప్రశ్న పెద్ద యుద్యోగుల విషయమునకంటె చిన్న యుద్యోగుల విషయముననే చిక్కైనది. జిల్లా కలెక్టరును ముఖాముఖి చూడకయే మనలో అనేకులు జీవితము గడుపుదురు. పంచాయతి కార్యదర్శి యట్లు కాదు. బిడ్డ పుట్టినప్పటి జనన పత్రము మొదలుకొని తండ్రి గతించినప్పటి మరణ పత్రము వఱకును, కొళాయి, మురుగుకాలువ, ఇంటి ప్లానుకు అనుమతి, దుకాణపు లైసెన్సు, ఇవి యన్నియు స్థానికసంస్థ గుమ్మము దాటి రావలసినవే. పైగా అతడు మన వీధివాడు. అతని పిల్లలును మన పిల్లలును ఒక్క బడిలో చదువుదురు. మన యింటి పెండ్లికి అతనిని పిలువకుండుట అమర్యాద. పిలిచి తాంబూలముతో బట్టలు పెట్టక పంపుట మఱింత యమర్యాద. ఇట్టివానితో ఏది స్నేహము, ఏది వ్యవహారము అని గీత గీయుట సులభము కాదని మేము ముందుగనే ఒప్పుకొనుచున్నాము.

దేవుని యొద్దకును, రాజు నొద్దకును, గురువు నొద్దకును ఉత్తచేతులతో పోరాదని మన పెద్దలు చెప్పుదురు. ఆ యాచారమును మేము తూలనాడము. పసిబిడ్డను చూడబోవువాడు ఒక పండైనను చేతబట్టుకొని పోవుట చూడముచ్చటయైన సంగతి. అయితే ఆ వరుసలో రాజు పేరేల వచ్చినదో ఆలోచింపవలెను. రాజు కొలువులో ప్రజకు హక్కనునది లేదు, దొరకినదెల్ల దయయే. నజరు అనగా ఆ దయకు ముందుగా పెట్టు నమస్కారము. కొళాయి బిగింపుమని దరఖాస్తు పెట్టిన పౌరుడు దయను వేడుటలేదు. రుసుము చెల్లించి తనకు రావలసినదానిని అడుగుచున్నాడు. అతడు తెచ్చిన మామిడిపండ్ల బుట్టను గుమాస్తా బల్లక్రిందికి జరిపిన క్షణముననే ఆ గది కార్యాలయము కాక కొలువుకూటమగుచున్నది. గుమాస్తా చిన్న రాజును, పౌరుడు ఆశ్రితుడును అగుచున్నారు. పండ్లు తిన్నందున గుమాస్తా బుద్ధి చెడినదా లేదా యనునది తరువాతి మాట. ఆ యిరువురి నడుమనున్న సంబంధము మాత్రము అప్పుడే చెడినది.

ఈ నజరుల చరిత్రలో తెలుగు దేశమునకును భాగము కలదు. ఈస్టిండియా కంపెనీ కొలువువారు ఈ దేశస్థులనుండి కానుకలు గ్రహింపరాదని 1773వ సంవత్సరపు రెగ్యులేటింగు చట్టము నిషేధించినది. అటుపిమ్మట అయిదేండ్లకు థామస్ రంబోల్డు చెన్నపట్టణమునకు గవర్నరుగా వచ్చెను. ఉత్తర సర్కారులకు పోయి జమీందారీల స్థితిగతులను అక్కడికక్కడ విచారింపవలసియున్న సర్క్యూటు కమిటీని అతడు రద్దుచేసి, జమీందారులనే చెన్నపట్టణమునకు రమ్మని ఆజ్ఞాపించెను. గంజాము, విశాఖపట్టణము మొదలగు చోట్లనుండి వందలమైళ్లు పరివారముతో పోయి, గవర్నరు చెంత వేచియుండి, తమ శిస్తులను నిర్ణయింపించుకొనవలసి వచ్చెను. విజయనగర సంస్థానమున సీతారామరాజునకును, అతని తమ్ముడు విజయరామరాజునకును గల వివాదమున అన్నకే దివానుగిరి దక్కునట్లు రంబోల్డు తీర్చెను. ఈ తీర్పుల వెనుక ధనము నడచినదని అభియోగములు పుట్టినవి. అతడు 1780లో స్వదేశమునకు మరలెను. మరుసటి యేడు డైరెక్టర్లు అతనిని కొలువునుండి తొలగించిరి. పార్లమెంటులో అతనిపై తెచ్చిన బిల్లు కడముట్టకయే 1783లో విడువబడినది.

ఆ నిర్ణయములలో న్యాయమైనవి కొన్ని యుండవచ్చును. ఇన్నూట నలువది యేండ్లు దాటిన పిమ్మట దానిని ఎవరు తేల్చగలరు? కానుక అన్యాయమైన తీర్పును పుట్టించునని అందఱును చెప్పుదురు. న్యాయమైన తీర్పును సైతము అది చంపునని చెప్పువారు తక్కువ. నియమములన్నియు సరిచూచి నాలుగంతస్తుల మేడకు అనుమతి నిచ్చిన పట్టణ ప్రణాళికోద్యోగి, ఆ మేడ యజమానునివలన గృహప్రవేశమునాడు వెండిగిన్నె పుచ్చుకొన్నచో, తాను నియమము తప్పలేదని ఇక ఎన్ని కాగితములు చూపినను పొరుగువాడు నమ్మడు. నమ్మవలసిన పనియును లేదు.

మన శాసనకర్తలు ఈ సంగతిని చిరకాలము క్రిందటనే గ్రహించిరి. మెకాలే ప్రభృతులు 1837లో సిద్ధపఱచిన చిత్తు 1860లో భారత శిక్షాస్మృతి యయ్యెను. అందు 165వ సెక్షను లంచమునుగూర్చి కాదు. తన యెదుట పని గలవానినుండి సరియైన వెల నీయక విలువగల వస్తువును పొందుటను గూర్చినది. దానికి చూపిన ఉదాహరణము చక్కనిది. ఒక కలెక్టరు, తన యెదుట బందోబస్తు వ్యవహారము నడచుచున్న వాని యింటిని నెలకు ఏబది రూపాయలకు అద్దెకు తీసికొనెను. నిజముగా ఆ యింటి అద్దె రెండువందలు. బేరము లేదు, బెదిరింపు లేదు, చేతులు మారిన సంచి లేదు. ఇల్లు చౌకగా దొరకినది, అంతియే. అయినను నేరమే. 1988వ సంవత్సరపు అవినీతి నిరోధక చట్టము ఈ సెక్షనును తనలో చేర్చుకొనెను. 2018లో ఆ చట్టమును సవరించినప్పుడు ‘అనుచిత లాభము’ అను విశాలమైన మాట వచ్చి చేరెను. స్థానికసంస్థల జీతము పుచ్చుకొనువారును ఈ చట్టమునకు లోబడిన ప్రభుత్వ సేవకులే. కావున నేను ప్రభుత్వోద్యోగిని కాను, మునిసిపాలిటీవాడనని తప్పించుకొనుటకు ఎడము లేదు.

శిక్షాస్మృతి చెఱసాలను చూపును. ప్రవర్తన నియమములు దానికి చాల దూరముననే ఆగుమని చెప్పును. కేంద్రోద్యోగులకును ఆంధ్రప్రదేశ్ ఉద్యోగులకును 1964లో వేఱువేఱుగా ఇట్టి నియమములు ఏర్పడినవి. కేంద్ర నియమములలో కానుక యనగా వస్తువు మాత్రమే కాదు. ఉచిత ప్రయాణము, ఉచిత వసతి, ఉచిత భోజనము సైతము కానుకయే. అకస్మాత్తుగా తటస్థించిన యొక పూట భోజనమును, త్రోవలో బండి యెక్కించుకొనుటను మాత్రము కానుకగా ఎంచవలదని అవియే చెప్పుచున్నవి. తనతో అధికార వ్యవహారము గలవాని యింట ఆడంబరమైన విందులు గాని, మాటిమాటికి విందులు గాని తగవని హెచ్చరించుచున్నవి. పెండ్లిండ్లలో బంధువులును, వ్యవహార సంబంధము లేని మిత్రులును ఇచ్చు బహుమానములకు చోటిచ్చుచున్నవి. ఇంత వెల దాటినచో తెలుపవలెనను రూపాయల లెక్క అప్పుడప్పుడు మారుచుండును. దానిని మేము ముఖ్యముగా భావింపము. ఎంత యిచ్చినాడని గాక ఎవడిచ్చినాడని అడుగుటయందే ఆ నియమముల వివేకమున్నది. మేనమామ యిచ్చిన బంగారపు గొలుసుకంటె కంట్రాక్టరు ఇచ్చిన గడియారము బరువైనది.

ఈ తేడాను మన పెండ్లిపందిరి చట్టముకంటె బాగుగ ఎరుగును. చదివింపులను చూడుడు. పీటలయొద్ద ఒకడు పుస్తకము పట్టుకొని కూర్చుండును. ఎవరెంత చదివించిరో పేరుతోసహా వ్రాసికొనును. ఆ పుస్తకమును ఇంటివారు పెట్టెలో భద్రపఱతురు. ఏల? రేపు వారి యింట శుభకార్యమైనప్పుడు అంతకు తక్కువ కాకుండ తిరిగి చదివింపవలెను గదా. ఇందు దాపఱికము లేదు, సిగ్గు లేదు. బంధువులలో ఒకరి భారమును ఒకరు వంతులవారిగా మోయు ఏర్పాటది; పేదకుటుంబముల పిల్లల పెండ్లిండ్లు ఎన్నియో దానివలననే జరిగినవి. మన వారు చదివింపును దానమని ఎన్నడును భ్రమింపలేదు. అది వ్రాసియుంచిన అప్పు. ఇప్పుడు ఆ పుస్తకములో, మునిసిపల్ ఇంజనీరుగారి కూతురి పెండ్లినాడు, రోడ్ల కంట్రాక్టరు పేరు వ్రాయబడినదనుకొందము. మేనమామ పేరునకు ఎదురుగా ఇంజనీరుగారు తన జీతములోనుండి తిరిగి చదివింపగలడు. కంట్రాక్టరు పేరునకు ఎదురుగా ఏమి చదివించును? కంట్రాక్టరు కోరునది ఆయన జీతములో లేదు. అది కొలతల పుస్తకములో నున్నది. రెండంగుళములు తగ్గిన కంకరలో నున్నది. ఆ సొమ్ము ఊరివారిది. ఆయన అప్పు చేసెను. తీర్చువారు వానకాలమున ఆ రోడ్డుమీద నడచువారు.

‘నేనెంత పుచ్చుకొన్నను నా మనసు చలింపదు’ అని చెప్పు ఉద్యోగులను మేమెరుగుదుము. వారిలో కొందఱు నిజముగనే చలింపనివారు కావచ్చును. మేము వారి మనస్సును శంకింపక వేఱొక మనుష్యునివైపు చూడుమని కోరెదము. ఒకనాటి కూలి వదలుకొని వచ్చి, చేతిలో దరఖాస్తు తప్ప మఱేమియు లేక, గోడవారగా నిలుచున్న తాపీకూలి అచ్చట నున్నాడు. బల్లక్రిందికి పోయిన బుట్టను అతడు చూచినాడు. ఎవరును అతనిని ఏమియు అడుగలేదు, ఒక్క మాట యనలేదు. అయినను అతడొక పాఠము నేర్చుకొనెను; మఱునాడు ఉత్తచేతులతో రాడు. మామూలు పుట్టునది ఇట్లే. మొదటివాడు ప్రేమతో నిచ్చినది రెండవవానికి వాడుకయై మూడవవానికి పన్నగును. మొదటివాని ప్రేమ నిజమైనదే యని సాక్ష్యము చెప్పుటకు మేము సిద్ధముగ నున్నాము. మూడవవాని పన్ను ఆ సాక్ష్యమువలన తగ్గదు.

మన ప్రాచీనులు దాతనుగూర్చి యెంత చెప్పిరో గ్రహీతనుగూర్చి అంతకంటె ఎక్కువ భయపడిరి. ప్రతిగ్రహమునకు అర్హుడైనవాడు సైతము దానియందు తగులుకొనరాదనియు, దానివలన వాని తేజస్సు క్షీణించుననియు మనుస్మృతి చెప్పుచున్నది. అది బ్రాహ్మణునికి చెప్పిన మాట. ఆ స్మృతిలోని వర్ణవిభాగములను మేమంగీకరింపము. అయినను నేటి పంచాయతి కార్యదర్శికి అంతకంటె తగిన మాట మాకు తోచుటలేదు. భగవద్గీత పదునేడవ అధ్యాయము ప్రత్యుపకారము చేయలేనివానికి ఇచ్చిన దానమునే సాత్త్వికమనుచున్నది. ప్రత్యుపకారము చేయగల స్థితిలో మన యెదుట కూర్చున్నవాడెవడో చదువరులే యోచింతురు గాక.

ఇక స్పాన్సరుషిప్పు అను క్రొత్త పేరుతో నడచుచున్నదానిని గూర్చి కొంత వ్రాయక తప్పదు. కార్తికమాసము వచ్చును, కార్యాలయమువారందఱును ఉసిరిచెట్టు నీడను వనభోజనమునకు పోవుదురు. బస్సు ఒక లేఅవుటు యజమానునిది, వంట ఒక కంట్రాక్టరుది, పిల్లల ఆటలకు బహుమతులు ఒక దుకాణమువానివి. ఉగాది కవిసమ్మేళనమునకు పందిరి ఒకనిది, క్రికెట్టు పోటీలకు చొక్కాలు మఱొకనివి, చొక్కా వీపున అతని వ్యాపారపు పేరు. ఎవరి యింటికిని ఏమియు పోలేదుగదా, ఇందు తప్పేమున్నదని అడుగుదురు. ఒకనికి వచ్చిన కానుకకంటె అందఱికి వచ్చిన కానుక మఱింత చెఱుపు చేయునని మా యభిప్రాయము. ఒంటరిగా పుచ్చుకొనువాడు ఇటునటు చూచును. గుండె కొంచెము కొట్టుకొనును. నలువది మంది కలిసి తిన్న యన్నములో ఎవరి గుండెయు కొట్టుకొనదు. నిజాయితీపరుడైన చిన్న గుమాస్తా ఆ పంక్తిలో కూర్చుండక ఎట్లు తప్పించుకొనును? కూర్చుండనిచో గర్విష్ఠి, కూర్చున్నచో రేపు ఆ లేఅవుటు కాగితము తన బల్లమీదికి వచ్చినప్పుడు, పోయిన వారము పులిహోర వడ్డించిన చేయియే ఆ కాగితమును అందించును. అనుమతి లేనిదే ఏ కార్యమునకైనను చందాలు పోగుచేయుటలో ఉద్యోగి పాల్గొనరాదని కేంద్ర నియమము శాసించుటకు కారణమిదియే. వనభోజనము మానవలెనని మేమనుట లేదు. తలకొక మూడువందలు వేసికొన్నచో పులిహోర రుచి తగ్గదు.

సన్మానములును ఈ కోవలోనివే. బదిలీపైనో, ఉద్యోగ విరమణ సమయముననో తోటివారు చేసికొను ఆడంబరము లేని వీడుకోలుకు నియమములు అడ్డు చెప్పవు. అడ్డు చెప్పినచో అది క్రూరత్వమగును. క్రొత్తగా వచ్చిన కమీషనరునకు మూడవనాడే శాలువ కప్పి, గజమాల వేసి, నాలుగు కూడళ్లలో ఫ్లెక్సీలు కట్టించువాని సంగతి వేఱు. ఆ యుద్యోగి యింకను ఏ పనియు చేయలేదు. దేనికి సన్మానము? చేయబోవుదానికి.

అయితే పౌరుడు తన యూరికి ఏమియు ఈయరాదా? ఈయవలెను. మన పట్టణములలోని గ్రంథాలయములు, సత్రములు, ఆసుపత్రి గదులు అనేకము దాతలవలననే వెలసినవి. కందుకూరి వీరేశలింగముగారు 1890లో రాజమహేంద్రవరమున పురమందిరమును కట్టించి పౌరుల కిచ్చిరి. అట్టి దానమునకును, ప్లాను పాసు కావలసిన బిల్డరు కార్యాలయమునకు తెచ్చియిచ్చిన శీతలయంత్రమునకును గల భేదము వెలలో లేదు. మొదటిది అందఱును చూచుచుండగా, సంస్థ తీర్మానముతో, లెక్కపుస్తకములో వ్రాయబడి, ఏ యుద్యోగి చేతికిని తగులక ఊరికి చేరును. రెండవది ఒక గదికి చేరి, ఆ గదిలో వేసవి గడపువానికి దాత ముఖమును దినమెల్ల గుర్తుచేయుచుండును. అట్టివానిని వద్దని త్రోసిపుచ్చిన కార్యాలయములో చెమటపట్టుట నిజమే. ఊరివారు తమ పన్నులతో ఆ యంత్రమును కొనియిచ్చుటకు ఇష్టపడకపోవుటయు అంతే నిజము. ఉద్యోగికి కుర్చీ, దీపము, త్రాగునీరు సరిగా సమకూర్పక, వానినుండి ఋషివలె వైరాగ్యమును కోరు సంఘము తానే కానుకలకు తలుపు తెఱచుచున్నది.

చదువుకొన్న మనము ఈ విషయమున చేతులు కడుగుకొనుటకు వీలులేదు. దీపావళికి మిఠాయి పెట్టెలు పంపువారెవరు? వరుస తప్పించి కాగితము జరిపించుకొని, ‘పాపము, మంచివాడు, ఏమియు అడుగలేదు, మేమే ఇచ్చితిమి’ అని చెప్పుకొనువారెవరు? తాపీకూలి కాదు. బలవంతముచేత ఇచ్చినవానిని, తానుగా ఆశచూపినవానిని వేఱుచేసి చూడవలెనని 1837 నాటి చిత్తుకు వ్రాసిన వివరణలోనే కలదు. 2018 సవరణము ఇచ్చువానిని సైతము నేరస్థునిగ చేసి, బలవంతమునకు లోనై ఇచ్చి యేడు దినములలో తెలుపుకొన్నవానిని మాత్రము విడిచిపెట్టుచున్నది. మన మిఠాయి పెట్టెలను ఎవరును బలవంతము చేసి తెప్పించుకొనలేదు.

వద్దనుట యెట్లనునదే మిగిలిన చిక్కు. ఇందు నియమపుస్తకము సాయపడదు. మేమెరిగిన యొక పంచాయతి కార్యాలయమునకు వృద్ధాప్యపు పింఛను నిమిత్తము ఒక ముసలమ్మ వచ్చెను. కొంగున మూటగట్టి తెచ్చిన బీరకాయలను కార్యదర్శి బల్లమీద పెట్టెను. అతడు చిన్నవాడు, మంచివాడు. ‘వద్దమ్మా, ఇవి పుచ్చుకొనరాదు, తీసికొనిపో’ అనెను. ఆమె ముఖము వాడిపోయెను. కొంతసేపు ఊరకుండి, ‘అయితే నా పింఛను రాదా నాయనా? ఇంకేమైనా తేవలెనా?’ అని అడిగెను.

అతడు మాకు ఈ సంగతి చెప్పుచు, తన కొలువులో అంత సిగ్గుపడిన దినము మఱొకటి లేదనెను. అన్ని యేండ్లుగా ఆ బల్లయొద్ద కానుకను కాదనుట యనగా పనిని కాదనుటయే యని ఆమె నేర్చుకొనియున్నది. లేక ఇచ్చినది చాలలేదని అర్థము. నోటిమాటతో ఆ పాఠమును చెరుపుట అతనివలన కాలేదు. కాయలను అట్లే యుంచి, ఆమెను కుర్చీలో కూర్చుండబెట్టి, దరఖాస్తు పూర్తిచేసి, ఆమె వ్రేలిముద్ర వేయించుకొని, రసీదు చేతికిచ్చెను. ఆమె రసీదును రెండుమార్లు త్రిప్పి చూచి కొంగున ముడివేసికొనెను. అప్పుడతడు బీరకాయలను తన చేతులతోనే మరల ఆమె యొడిలో పెట్టెను. ఆమె నవ్వి, ‘ఈ పూట పచ్చడి చేసికొందునులే’ అని లేచి వెళ్లెను.